ఎడమ పక్కన కోరుకొండ

జులై 7, సోమవారం

రెండు పెట్టెలు వచ్చాయి. ఈ ఇనిస్టిట్యూట్ ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా ఎన్ని పెట్టెలు విప్పానో లెక్కలేదు కానీ ఇంత మెత్తటి స్పాంజి ఎప్పుడూ చూడలేదు. పసిపిల్లని పడుకోబెట్టినట్టు సర్ది పంపారు. కళ్ళకి కట్టుకునే వీఆర్ హెడ్‌సెట్లు. కట్టుకుని కూర్చుంటే కంప్యూటర్లో ఉండాల్సిన విమానం మన చుట్టూ వచ్చేస్తుందట. తల తిప్పితే కిటికీ, తల వంచితే మీటలు.

మా కరస్పాండెంట్ గణేష్‌బాబు గారు ఈ ఏడు ఏవియేషన్ కోర్సు పెడుతున్నారు. 26న తల్లిదండ్రులని పిలిచి, వాళ్ళ పిల్లల్ని ఈ కుర్చీలో కూర్చోబెట్టి రాజమండ్రి మీద ఎగిరిస్తారు.

"ఆశాజ్యోతి గారూ, ల్యాబు మీదండి. 26కి ఇది పరిగెత్తాలండి. లేకపోతే హైదరాబాద్ నుంచి ఎవర్నో ఒకర్ని పెట్టుకోవాల్సొస్తుంది" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆయన ఏదన్నా నవ్వుతూనే అంటారు.

జులై 8, మంగళవారం

స్విచ్ వెయ్యకముందే గణేష్‌బాబు గారి తల్లి శ్యామలాంబ గారు కొబ్బరికాయతో, కుంకుమ భరిణెతో దిగారు. డెబ్బై నాలుగేళ్ళు. రావులపాలెం పక్కన అరటితోటలు. రెండు కళ్ళకీ ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆవిడకి గర్వం పట్టుకుంది. "నా కళ్ళిప్పుడు పదహారేళ్ళ పిల్ల కళ్ళమ్మా!" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతారు. రెండు హెడ్‌సెట్లకీ నాలుగు మూలలా పసుపు రాసి బొట్లు పెట్టారు. నేను పక్కన నిలబడి మనసులో నా ప్రార్థన నేను చేసుకున్నాను. యంత్రానికి ఎన్ని దీవెనలుంటే అంత మంచిది.

మధ్యాహ్నం మొదటిసారి ఎగిరాను! మధురపూడి రన్‌వే మీంచి లేచాను. కడుపులో దిగలాగుడు నిజంగానే వచ్చింది, కుర్చీ అంగుళం కదలకపోయినా. గోదావరిని నీలంగా వేశారు. ఇవతల మా రేవులో నీళ్ళు ఎర్రమట్టి రంగులో ఉన్నాయి. వంతెన స్తంభాలు మర్చిపోయారు, లారీలు నీటి మీద పోతున్నాయి.

లేవగానే ఎడమ పక్కన కోరుకొండ గుట్ట ఉండాలి. అదీ మర్చిపోయారు పాపం. ఎక్కడో పరాయి దేశంలో కూర్చుని గీసేవాడికి నరసింహస్వామి కొండ ఏం తెలుస్తుంది.

జులై 9

ఎడమ మోచెయ్యి మళ్ళీ తలుపుకి కొట్టుకుంది. ఇంటికి రంగులేసినప్పటి నుంచీ ఈ తలుపు సరిగ్గా తెరుచుకోవడం లేదు.

జులై 10, గురువారం

విమానం తేలుతోంది. పైలట్ సీట్లో కూర్చుంటే రెండు నిమిషాల్లో ఒళ్ళు మెల్లగా రెక్క మీదకి జారిపోతోంది. కుర్చీని సర్దే బటన్ నొక్కితే మళ్ళీ సీట్లోకి వస్తాం, మళ్ళీ జారతాం. చూసినవాళ్ళకి నవ్వులాట. నాకు మాత్రం ఈ జబ్బు మూలం తెలుసుకునేదాకా అన్నం సయించదు.

పది అంశాలతో ఒక కాగితం తయారుచేసి గోడకి అంటించాను. కేబులు, పవరు, వెలుతురు, ఫ్యాను నీడ, అద్దాల శుభ్రం, ఇలా. ఏడోది: ఎడమ తెర, కుడి తెర సమానంగా కనిపిస్తున్నాయా. రోజూ ఉదయం పరీక్షించి టిక్కు పెట్టి సంతకం చెయ్యాలి. ఎవరు చూశారో రాయడానికి ఒక గడి. ఒకసారికి ఒకటే మార్చాలి, రెండు మారిస్తే ఏది తప్పో తెలియదు. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, రిపేర్లే నేర్పాయి.

జులై 12, శనివారం

దొరికింది! దొరికాక తల బాదుకోవాలనిపించింది.

గది ఎక్కడుందో, తల ఎటు తిరిగిందో ఈ హెడ్‌సెట్ తన కెమెరాలతో చూసి తెలుసుకుంటుంది. నాలుగు మూలలా నాలుగు చిన్న కెమెరాలు. శ్యామలాంబ గారు పెట్టిందీ నాలుగు మూలలా నాలుగు బొట్లు. కంపెనీవాడికీ ఆవిడకీ మూలల మీదే గురి కుదిరింది.

రెండు రోజులు ఫ్యాను ఆపి చెమటలు కక్కాను, కర్టెన్లు మూశాను, సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ వేశాను. బొట్లు కళ్ళెదురుగానే ఉన్నాయి. మా ల్యాబులో బొట్టు లేని మిషను లేదు, ప్రింటరుకి కూడా ఉంది. అందుకని నా చూపు దాని మీద ఆగనే లేదు. రోజూ కనిపించేదాన్ని మనిషి చూడడు కాబోలు.

తలుపు గడియపెట్టి తడిగుడ్డతో తుడిచేశాను. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. క్రైస్తవురాలు బొట్టు తుడిచిందంటే మాటకి మాట పెరుగుతుంది. విమానం మాత్రం కదలకుండా నిలబడింది.

జులై 13, ఆదివారం

చర్చిలో కీర్తనలన్నీ పుస్తకం చూడకుండానే పాడతాను. అమ్మకీ అంతే, అన్నీ కంఠతా వచ్చు.

అమ్మ గురించి ఇవాళ రాయను.

జులై 16, బుధవారం

కుదుపులు కూడా తగ్గించాను. మబ్బులు తగ్గిస్తే కంప్యూటరుకి బరువు తగ్గుతుంది. ఆషాఢమాసంలో మబ్బులు తగ్గించే పని దొరికిన మనిషిని ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కొత్త తగవు మొదలైంది. మొదటి హెడ్‌సెట్ పెట్టుకున్న ముగ్గురు పిల్లలు పది నిమిషాలయ్యేసరికి తలనొప్పి అన్నారు. ఒక కంట్లో చీకటిగా ఉందట. నేను పెట్టుకుని అరగంట ఎగిరాను. ఏమీ లేదు, దివ్యంగా ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వీళ్ళ వరస. రన్‌వే మీద దింపలేక మిషను మీద పెడుతున్నారు. ఏడో నంబరు టిక్కు పెట్టాను.

వచ్చేటప్పుడు స్కూటరుకి ఆటో అడ్డం వచ్చింది. హారన్ లేదు, ఏమీ లేదు, ఎడమ పక్కనుంచి హఠాత్తుగా ఊడిపడ్డాడు. వాడే నన్ను తిట్టాడు. ఈ మధ్య ఆటోలన్నీ ఎడమ పక్కనుంచే వస్తున్నాయి.

జులై 17

టీ కప్పులో కాకుండా బల్ల మీద పోశాను. మా ఆయన చూశారు. గుడ్డ తెచ్చి తుడిచారు.

జులై 19, శనివారం

శ్యామలాంబ గారు విమానం ఎక్కారు.

చీరకొంగు నడుముకి దోపి, హెడ్‌సెట్ కట్టించుకుని, "పోనీ అమ్మా" అన్నారు, ఆటోవాడికి చెప్పినట్టు. నేనే మీటలు నడిపాను. మధురపూడి దాటగానే ఆవిడ రెండు చేతులూ జోడించి ఎడమ పక్కకి దణ్ణం పెట్టారు.

"ఎవరికండీ దణ్ణం?"

"ఎవరికేంటమ్మా, కోరుకొండ స్వామికి. అదిగో కొండ! మెట్లు కనపళ్ళేదు గానీ కొండ అచ్చం అలాగే ఉంది."

ఆ దారిన నేను పాతికసార్లు ఎగిరాను. నిన్న ఏదో కొత్త అప్‌డేట్ వచ్చి, అందులో వేసి ఉంటారు.

పది నిమిషాలకి ఆవిడ, "ఎడమ కంట్లో దీపం ఆరిపోయిందమ్మా" అన్నారు.

"ఆ కన్ను ఆపరేషన్ అయ్యి ఎన్నాళ్ళయిందండీ? ఒకసారి డాక్టరుకి చూపించుకుంటే మంచిదేమో" అన్నాను.

ఆవిడకి కోపం వచ్చింది. హెడ్‌సెట్ విప్పి నా చేతిలో పెట్టారు. "నా కంటికేం, దిట్టంగా ఉంది. మా డాక్టరు నేర్పాడు నాకు. ఒక కన్ను మూసి రెండోదాంతో చూడాలి, అప్పుడే దొంగ దొరుకుతాడు. రెండూ తెరిచి చూస్తే మంచికన్ను చెడ్డకన్నుని వెనకేసుకొస్తుందంట. నువ్వు కుడికన్ను మూసి చూడు, నేను అబద్ధం చెబుతున్నానేమో."

"అలాగేనండి" అన్నాను. గంట కొట్టారు, క్లాసుంది. చూడలేదు.

ఆవిడ వెళ్తూ హెడ్‌సెట్ మూలల వైపు చూశారు. బొట్లు లేవని గమనించారు.

జులై 21, సోమవారం

కుడికన్ను మూసి చూశాను. చీకటి. ముసలావిడ చెప్పింది నిజం! మొదటి హెడ్‌సెట్ ఎడమ తెర పోయింది. వేడెక్కితే పోతోంది, చల్లారితే వస్తోంది కాబోలు. అందుకే నాకు ఉదయం పరీక్షలో దొరకలేదు. పిల్లల్ని అనవసరంగా అన్నాను.

మాట వరసకి రెండోది కూడా చూశాను. దానికీ ఎడమ తెర పోయింది. మరీ నలుపు కాదు, బియ్యం కడిగిన నీళ్ళలోంచి చూసినట్టు, ఓ మూల మాత్రం కాస్త వెలుతురు.

రెండోదాని మీద పిల్లలెవ్వరూ ఫిర్యాదు చెయ్యలేదు. నేను కోప్పడతానని భయపడి ఉంటారు.

గణేష్‌బాబు గారికి రెండూ పాడయ్యాయని చెప్పాను. మొట్టమొదటిసారి ఆయన నవ్వలేదు. "రెండూనా? ఒకే పక్కా?" అన్నారు. అమ్మినవాళ్ళకి ఫోన్ చేసి అరిచారు. వాళ్ళు వెనక్కి పంపమంటున్నారు. 26 లోపల తిరిగి రావు. 26 రద్దు చెయ్యాలేమో, శుక్రవారం దాకా చూద్దాం అన్నారు.

జులై 22, మంగళవారం

మార్చినవి: కేబుళ్ళు. పోర్టులు. కంప్యూటరు. పవర్ అడాప్టరు. గ్రాఫిక్స్ కార్డు. సాఫ్ట్‌వేర్ పూర్తిగా తీసి మొదట్నుంచీ.

మొదటిదానికి చల్లగా ఉన్నప్పుడు కూడా ఎడమ తెర నాకు బియ్యం కడుగునీళ్ళే. తర్వాత నలుపు.

రెండోదానికి ఎప్పుడూ ఒకేలా. ఉదయం, సాయంత్రం, ఏం మార్చినా.

ఎవర్నైనా పిలిచి రెండోది చూపిద్దామనుకున్నాను. పిల్లలు పరీక్షల హడావుడిలో ఉన్నారు.

జులై 23

మార్చడానికి ఇంకేం మిగల్లేదు. సబ్బుతో మొహం కడుక్కుంటూ కుడికన్ను మూసుకున్నాను. వెంటనే తెరిచేశాను. సబ్బు మండింది.

జులై 24, గురువారం

రాయాలి.

చిన్నప్పుడు మా ఇంట్లో రెండు స్పీకర్ల టేప్‌రికార్డరు ఉండేది. ఒక స్పీకరు మూగబోతే నాన్న వైర్లు అటుదిటు, ఇటుదటు మార్చేవారు. మూగతనం రెండో పక్కకి పోతే తప్పు టేప్‌రికార్డరుది. పోకుండా అక్కడే కూర్చుంటే తప్పు స్పీకరుది. ఇవాళ సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక అది గుర్తొచ్చింది. తెరలు ఊడదీసి మార్చలేను. కానీ హెడ్‌సెట్‌నే తలకిందులు చేసి పెట్టుకుంటే? కుడి తెర ఎడమ కంటికి వస్తుంది, ఎడమది కుడికి. ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్ళూ తట్టలేదేంటని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

రెండో హెడ్‌సెట్ తిరగేసి, పట్టీ విప్పి, రెండు చేతులతో మొహానికి అదుముకున్నాను. ముక్కు నలిగింది. తమాషా ఏంటంటే హెడ్‌సెట్ తలకిందులైనా ఆకాశం పైనే ఉంది, నేల కిందే ఉంది. కెమెరాలు సర్దేసుకున్నాయి. కొద్దిసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. అసలు పని వాయిదా వెయ్యడానికి చూశానని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

ఎడమకన్ను మూశాను. కుడికంటికి అంతా స్పష్టంగా కనిపించింది. పాడైపోయిందని నేను చెప్పిన ఆ ఎడమ తెరే అది. రన్‌వే, గీతలు, గడ్డి.

తర్వాత కుడికన్ను మూశాను.

చీకటి కదల్లేదు. హెడ్‌సెట్ తిరిగింది, తెరలు మారాయి, చీకటి మాత్రం నా ఎడమ పక్కనే కూర్చుంది.

మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే. హెడ్‌సెట్ దించి, కుడికన్ను చేత్తో మూసుకుని, ఉత్త గదిని చూశాను. గోడ మీద నా పది అంశాల కాగితం ఉండాలి. కాగితం లేదు. గోడా సరిగ్గా లేదు.

అమ్మ పేరు జ్ఞానమ్మ. చర్చిలో రెండో వరసలో కూర్చుని, కీర్తనల పుస్తకం తెరిచి పట్టుకుని, ఒక్క పదం తప్పకుండా పాడేది. ఒక ఆదివారం పక్కన కూర్చున్న నేను చూశాను, పుస్తకం తలకిందులుగా ఉంది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. అమ్మ చేతిలోంచి తీసి సరిగ్గా పెట్టాను. అమ్మ పాట ఆపలేదు. ఇంటికొచ్చాక చెప్పింది, రెండేళ్ళుగా కనపడ్డం లేదని. నీటికాసులు. కంటిలో ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండా, చప్పుడు చెయ్యకుండా చూపుని తినేసే జబ్బు. ముందే వస్తే ఆపేవాళ్ళం అన్నాడు డాక్టరు. పిల్లలు కూడా ఏటా చూపించుకోవాలి అన్నాడు. చూపించుకున్నాను, ఏటా. నాలుగేళ్ళ కిందటి దాకా.

అమ్మ మీద ఎంత కోపం తెచ్చుకున్నానో. ఎందుకు చెప్పలేదమ్మా అని ఎన్నిసార్లు ఏడ్చానో. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, అమ్మ అలా దాచింది అనుకునేదాన్ని. అమ్మ దాచలేదేమో. అమ్మకి అన్నీ కంఠతా వచ్చు, అంతే. నాకు ఈ ల్యాబు కంఠతా వచ్చినట్టు.

నాకు భయంగా ఉంది.

జులై 25, శుక్రవారం

రాత్రి ఈయనకి చెప్పాను. ఏసుపాదం మాస్టారు క్లాసులో తప్ప ఎక్కడా గొంతు పెంచరు. నిన్న పెంచారు.

"మీ అమ్మని కళ్ళారా చూసి కూడానా జ్యోతీ?"

లేచి, మేకుకి ఉన్న నా స్కూటరు తాళం తీసి తన చొక్కా జేబులో వేసుకున్నారు. కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి మంగళవారం సెలవు పెట్టానని పొద్దున్న చెప్పారు. బస్సెక్కించేటప్పుడు నా ఎడమ పక్క నిలబడ్డారు. నాకు కోపం రావాల్సింది, ఏడుపొచ్చింది.

ఇనిస్టిట్యూట్‌లో గణేష్‌బాబు గారు 26 రద్దని చెప్పడానికి ఫోన్ పట్టుకుని ఉన్నారు. శ్యామలాంబ గారు పక్కనే కూర్చుని ఉన్నారు. చెప్పకుండా ఉండే దారి ఒకటి ఉంది. రెండోది బాగు చేసేశానని చెప్పచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. చెబితే మెచ్చుకునేవారు. ఆ తర్వాత రోజూ ఏడో నంబరు టిక్కు పెడుతూనే ఉండాలి.

"సార్, రెండో హెడ్‌సెట్ బాగానే ఉందండి. మొదటినుంచీ బాగానే ఉంది. నా ఎడమకన్ను కనపడ్డం లేదండి. దాని తప్పు మిషను మీద పెట్టాను."

ఆయన ఫోన్ కింద పెట్టారు. "ఆయ్, అదేంటండీ..." అన్నారు. శ్యామలాంబ గారు లేచి వచ్చి నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పి చూశారు, చేపల బజార్లో మొప్ప ఎత్తి చూసినట్టు.

"చూస్తే ఏం తెలియదమ్మా, చక్కగానే ఉంది. అదే దీని మాయ. ఎవరు కనిపెట్టారు?"

"నేనేనండి. మీరు చెప్పినట్టు ఒక కన్ను మూసి."

"మరి నన్ను డాక్టరు దగ్గరికి పొమ్మన్నావు!" అని ఆవిడ గట్టిగా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నాలుగు రోజుల తర్వాత అదే మొదటిసారి నవ్వడం.

జులై 26, శనివారం

ఒక్క హెడ్‌సెట్‌తోనే జరిపించాం. పిల్లలతోపాటు తల్లిదండ్రులూ వరసలో నిలబడ్డారు. ఒకాయన దిగాక చెప్పులు వెతుక్కున్నాడు, ఎక్కేముందు విప్పి వచ్చాడట.

జులై 29, మంగళవారం

కంటి ఆసుపత్రి.

ఒత్తిడి చూశారు, చుక్కలేసి లోపల చూశారు. తర్వాత చూపు ఎంత మేర ఉందో కొలిచే మిషను. గిన్నెలా తెల్లగా ఉంటుంది. గడ్డం ఆనించి, ఒక కంటికి గంత కట్టి, మధ్యలో పచ్చ దీపం మీదే చూపు నిలపాలి. చుట్టూ ఎక్కడెక్కడో చిన్న చుక్క వెలుగుతుంది. కనపడితే చేతిలో బటన్ నొక్కాలి. ఇదీ ఒక హెడ్‌సెట్టే. నాకు భయం పోయి, దీన్ని ఎలా తయారుచేశారో అని ఆసక్తి పుట్టింది.

కుడికన్ను ముందు. నొక్కాను, నొక్కాను, నొక్కాను. ముక్కు పక్కన కొన్నిచోట్ల రాలేదేమో అనిపించింది.

తర్వాత ఎడమకన్ను. ఆ మిషనుకి ఒక గుట్టుంది. ప్రతి చుక్కకీ ముందు లోపల చిన్నగా టక్కుమంటుంది. ఇన్నేళ్ళు మిషన్ల చప్పుడు విన్న చెవులు నావి, మొదటి నిమిషంలోనే పట్టేశాను. టక్కు, ఒక క్షణం, చుక్క. ఆ లయకి నొక్కుకుంటూ పోతే అన్నీ కనపడినట్టే కాగితం వస్తుంది. వేలు బటన్ మీద ఉంది. టక్కు. చీకటి. టక్కు. చీకటి. అమ్మ పాట గుర్తొచ్చింది, ఒక్క పదం కూడా తప్పని పాట.

నొక్కలేదు.

చాలాసేపు నొక్కలేదు. పరీక్ష చేస్తున్న అమ్మాయి, "మేడమ్, నిద్రపోతున్నారా?" అని అడిగింది.

"లేదమ్మా. కనపడ్డం లేదు" అన్నాను.

కాగితం మీద ఎడమకన్ను దాదాపు అంతా నలుపు, బయటి అంచున ఒక మూల తెలుపు. కుడికన్నులో ముక్కు వైపు చిన్న నల్లమచ్చ మొదలైంది. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పారు. పోయింది రాదు. ఉన్నది నిలబెట్టుకోవచ్చు. జీవితాంతం రోజూ చుక్కలు, మూణ్ణెల్లకోసారి పరీక్ష. "ఇంకో ఏడాది ఆగి వస్తే కుడిదాని గురించి కూడా ఇలాగే చెప్పాల్సొచ్చేది. ఎలా కనిపెట్టారు?" అని అడిగారు. హెడ్‌సెట్ తలకిందులు చేశానని చెప్పాను. ఆవిడ పెన్ను ఆపి మళ్ళీ చెప్పించుకున్నారు.

ఈయన బయట బెంచీ మీద నా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కుడికన్ను నిలుస్తుందని చెప్పగానే సంచిలో మొహం పెట్టుకున్నారు.

ఆగస్టు 2, శనివారం

మొదటి హెడ్‌సెట్‌కి కొత్త కేబులు వచ్చింది. లోపల తెరకి వెళ్ళే సన్నటి పట్టీ, వేడికి వదులైపోయిందట. నేనే వేశాను. అరగంట వేడెక్కనిచ్చి, శ్యామలాంబ గారిని రమ్మని కబురు పెట్టాను.

ఆవిడ భరిణెతోనే వచ్చారు. "ఆ రోజు తుడిచేశావుగా" అన్నారు. మూలల్లో కెమెరాలున్నాయని చూపించాను. "నోరులేదేంటమ్మా నీకు, చెబితే వెనక పెడతాను కదా" అని పట్టీ మీద వెనకపక్క బొట్టు పెట్టారు. బల్ల మీద నా చుక్కలమందు సీసా ఉంది. చూస్తూండగానే దాని మూతకీ ఒకటి పెట్టేశారు. తుడవలేదు.

తర్వాత కుడికన్ను మూసుకుని ముప్పావుగంట ఎగిరారు. ధవళేశ్వరం దాకా వెళ్ళొచ్చారు. వెలుతురు ఎక్కడా తగ్గలేదట. విమానం లేచేటప్పుడు నేను తల పూర్తిగా ఎడమకి తిప్పి, ఆవిడ చూసేదే చూపించే మానిటర్‌లో చూశాను. కొండ ఉంది. అమ్మినవాళ్ళని అడిగితే మొదటినుంచీ ఉందట, అప్‌డేట్ ఏమీ రాలేదట.

గోడ మీద కాగితం మార్చాను. అంశాలు అవే పది. ఎవరు చూశారు అన్న గడిలో ఏడో నంబరుకి ఇవాళ ఇలా రాశాను:

కుడి తెర, ఆశాజ్యోతి. ఎడమ తెర, శ్యామలాంబ గారు.